తొమ్మిది వేలు పెట్టి నేర్చుకున్న ఉప్పు లెక్క

మా అన్నకు 49 ఏళ్లకే గుండెపోటు వచ్చి స్టెంట్ పడింది. ఆస్పత్రి వరండాలోనే మా వదిన నా వైపు తిరిగి, "నువ్వు కూడా చూపించుకో, మీ ఇద్దరిదీ ఒక్కటే తిండి" అంది. నాకప్పుడు 46. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. తక్‌పట్టీలు, అంటే రైతుకిచ్చే అమ్మకం చీటీలు రాయడం, రాత్రి చిట్టా కలపడం, మధ్యలో ఎనిమిది చాయలు, ఆరు సిగరెట్లు.

పరీక్షల కాగితం ఇలా ఉంది: బరువు 84 కిలోలు, నడుము 101 సెంటీమీటర్లు. రోజూ బీపీ మాత్ర అమ్లోడిపిన్ 5 వేసుకుంటున్నా బీపీ 148/94. మూడు నెలల సగటు షుగర్ 6.2, రక్తంలో కొవ్వు అదే ట్రైగ్లిజరైడ్లు 268, చెడు కొలెస్ట్రాల్ అదే ఎల్‌డీఎల్ 148, మంచిది 34. మన దేశపు మగవాళ్లకు నడుము 90 దాటితేనే ప్రమాదం కింద లెక్క అని డాక్టర్ సారు చెప్పేదాకా, నాది మార్కెట్లో అందరికీ ఉండే బొజ్జే కదా అనుకున్నాను.

2023 జూన్‌లో హన్మకొండలో ఒక ఆరు నెలల గుండె ప్రోగ్రామ్‌లో చేరాను. ఫీజు 9,000. ఆదివారం క్లాసు, డైటీషియన్, యోగా, ఫోన్లో ఒక యాప్, మొదట్లో ఒకసారి చివర్లో ఒకసారి రక్తపరీక్షలు. అది అయిపోయి రెండేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆరు నెలలు నిండిన రోజే రాసి ఉంటే ఐదు స్టార్లు ఇచ్చి తప్పు చేసేవాణ్ని.

డబ్బుకు తగ్గ విలువ ఎక్కడ దొరికిందంటే ఉప్పు దగ్గర. రెండో ఆదివారం డైటీషియన్ మేడం, "ఇంటికి నెలకు ఎన్ని ఉప్పు ప్యాకెట్లు వస్తాయి?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఇంటామె, "కిలోన్నర" అంది. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నలుగురికి నెలకు 600 గ్రాములు. మేము తింటున్నది మనిషికి పన్నెండున్నర. తొక్కులో, అప్పడాల్లో, బయటి మిర్చి బజ్జీల్లో పోయేది ఇందులో కలవనే లేదు. ఇరవై ఏళ్లుగా ఊరందరి లెక్కలు రాస్తున్న నాకు ఈ లెక్క ఎప్పుడూ తట్టలేదు.

ఆ రోజు నుంచి నెల మొదట్లో 600 గ్రాములు ఒక డబ్బాలో పోసి పెట్టడం మొదలైంది. మజ్జిగలో ఉప్పు బంద్. తొక్కు ఆదివారం ఒక్కపూటే. పప్పులో చింతపులుసు కాస్త పెంచితే ఉప్పు తగ్గినట్టు తెలియదు, పచ్చిపులుసుకూ అంతే. అయినా మా అబ్బాయి 20 రోజులు "చప్పిడి కూడు" అని గొణిగాడు. నెల దాటాక వాడే హోటల్ కూర తిని, "ఇంత ఉప్పేంది నాన్నా" అన్నాడు. మొదటి నెల డబ్బా 22వ తేదీకే ఖాళీ అయింది, ఆ సంగతి క్లాసులో చెప్పలేదు.

నడక సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో. వారానికి 150 నిమిషాలు అన్నారు, నేను పొద్దున ఐదున్నరకు ఐదు రోజులు, రోజుకు 35 నిమిషాలు. ఇందులో యాప్ గొప్పతనం ఏమీ లేదు. ఒకరోజు రాకపోతే "ఏం కాకా, నిన్న కనపడలే?" అని నిలదీసే నలుగురు అక్కడ ఉన్నారు, అదీ సంగతి. యాప్ మాత్రం "బ్రకోలీ తిన్నారా?" అని రాత్రి పదింటికి అడిగేది. జొన్న రొట్టె దానికి తెలియదు. ఓట్స్ రెండు వారాలు తిని, మూడో వారం నుంచి రాత్రి అన్నం బదులు జొన్న రొట్టెకు వచ్చాను. చాయలు మూడుకు దించి, చక్కెర మానేశాను. తాగుడు పండుగలకే.

డిసెంబర్‌లో: బరువు 77, నడుము 93, అదే మాత్ర మీద బీపీ 128/82, షుగర్ 5.8, ట్రైగ్లిజరైడ్లు 158. వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. మంచి కొలెస్ట్రాల్ 37, అది మొండిది. ఎల్‌డీఎల్ 148 నుంచి 137. అంత నోరు కట్టుకున్నా దిగింది పదకొండే.

ఇక్కడే ప్రోగ్రామ్ మీద నాకు కోపం. చివరి క్లాసులో ఒక కోచ్, "మీకిక మాత్ర ఎందుకు సార్, ఆపి చూడండి" అన్నాడు. అతను డాక్టర్ కాదు. నేనూ మురిసిపోయి ఆపేశాను. జనవరిలో మిర్చి రావడం మొదలైంది. సీజన్లో పొద్దున ఐదింటికి గ్రౌండ్ కాదు, మార్కెట్ యార్డే. ఫిబ్రవరిలో మేడారం జాతర, మూడు రోజులు ముక్కా చుక్కా. మార్చిలో తల బరువుగా ఉందని చూపించుకుంటే 164/100. డాక్టర్ సారు గట్టిగానే తిట్టి మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. ఎల్‌డీఎల్ చూసి, అన్న సంగతి అడిగి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర, అటోర్వాస్టాటిన్ 20 కూడా రాశారు. మూడు నెలలకు ఎల్‌డీఎల్ 81కి దిగింది.

ప్రోగ్రామ్ గోడ మీద "58 శాతం తగ్గుతుంది" అని పెద్ద అక్షరాలతో ఉండేది. బీ ఫార్మసీ చదివే మా అమ్మాయి వెతికి చెప్పింది: అది 2002లో అమెరికాలో వచ్చిన అధ్యయనం, తగ్గింది షుగర్ వ్యాధి వచ్చే ప్రమాదం, గుండెపోటు కాదు. మన చెన్నైలో చేసినది 2006లో వచ్చింది, అందులో షుగర్ వచ్చే ప్రమాదం 28.5 శాతమే తగ్గింది. షుగర్ ఉన్నవాళ్లకు తిండి, వ్యాయామం మార్పించి చూసిన లుక్ ఎహెడ్ అని ఇంకో పెద్ద అధ్యయనం నడిచింది. అందులో బరువు, బీపీ, షుగర్ మెరుగైనా గుండెపోట్లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదని 2012లో ఆపేశారట. అయితే ఆ మార్పులు చేయించకుండా పోలిక కోసం పెట్టిన గుంపు స్టాటిన్లు కాస్త ఎక్కువ వాడిందని కూడా మా అమ్మాయే చెప్పింది. అంటే అంతా వృథా అని కాదు, గోడ మీద రాసినంత లేదు.

సిగరెట్ గురించి మొత్తం ఆరు నెలల్లో ఒక్క క్లాసు. మానేస్తే ఏడాదికల్లా గుండె మీది అదనపు ప్రమాదం దాదాపు సగానికి పడుతుందన్న మాట ఆ ఒక్క క్లాసులోనే విన్నాను. అసలు అది మొదటి ఆదివారమే చెప్పాలి. నేను మానింది వాళ్లవల్ల కాదు, అన్న ఐసీయూలో ఉన్న రాత్రి. తర్వాత ఒకసారి, జాతరలోనే, రెండు కాల్చాను.

ఇప్పుడు బరువు 80, నడుము 95. సీజన్లో మూడు కిలోలు పెరుగుతాను, వానాకాలంలో రెండు దిగుతాను. బీపీ మాత్ర మీద 130 అటూ ఇటూ. ఉప్పు డబ్బా ఇంకా నడుస్తోంది, యాప్ ఎప్పుడో తీసేశాను. పదికి ఆరు వేస్తాను, అందులో నాలుగు డైటీషియన్ మేడంవే.

మొన్న మా బావ కూడా చేరతానన్నాడు. చేరు గానీ ఆదివారాలు ఒక్కడివే వెళ్లొద్దు, మా చెల్లెను తీసుకుపో, వంటింట్లో మారకపోతే నీ ఫీజు పోయినట్టే అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నేను ఇంటికాడ ఉంటా, ఆమెను చేర్పించు" అన్నాడు.