నెసెబర్ చర్చిలు తప్పక చూడండి, గది మాత్రం పాత ఊళ్ళో తీసుకోకండి

బల్గేరియాలో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న నెసెబర్ పాత ఊరు చాలా బాగుంది, అక్కడ మేం తీసుకున్న గది మాత్రం పచ్చి మోసం. బుర్గాస్ ఎయిర్‌పోర్టు నుంచి ఊరిదాకా హాయిగా వచ్చేశాం. టాక్సీ అతను చెక్క గాలిమర దాటాక ఆపేసి, సందుల్లోకి బండి రాదన్నాడు. ఆ రాళ్ళ దారిలో మా ఆయన రెండు పెట్టెలూ ఈడ్చుకుంటూ వచ్చారు, అత్తయ్యగారు మోకాలు పట్టుకుని వెనకాల.

"సముద్రం కనిపించే ఏసీ గది" అని రాత్రికి 140 లెవాలు (అప్పటి బల్గేరియా డబ్బు), అంటే దాదాపు 72 యూరోలు, ముందే కట్టించుకున్నారు. బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే రెండు కప్పుల మధ్య కాస్త నీలం కనిపించింది. ఏసీ రిమోట్ కావాలంటే రోజుకు ఇంకో 10 లెవాలట! ఫొటోల్లో ఏసీ చూపించారు కదా అని అడిగితే, "ఏసీ ఉందిగా, వాడకానికే డబ్బులు" అంది రిసెప్షన్ అమ్మాయి, మొహం కూడా ఎత్తకుండా. కింద రెస్టారెంటులో అర్ధరాత్రి దాటేదాకా మైకు పెట్టి పాటలు. "ఈ గోలలో నేను పడుకోలేనమ్మా" అని అత్తయ్యగారు మంచం మీద కూర్చునే ఉన్నారు. మర్నాడే కొత్త ఊళ్ళోకి మారిపోయాం, అక్కడ 90 లెవాలకే శుభ్రమైన గది, ఏసీకి వేరే డబ్బులు లేవు. పాత ఊరికి సన్నటి కట్ట మీదుగా నడిచి వచ్చేయొచ్చు.

చర్చిల దగ్గరికి వచ్చాక కోపమంతా పోయింది. క్రైస్ట్ పాంటోక్రేటర్ చర్చి గోడలు ఒక వరస తెల్లరాయి, ఒక వరస ఎర్ర ఇటుక, మధ్యలో ఆకుపచ్చ పింగాణీ బిళ్ళలు. తూర్పు గోడ మీద ఇటుకలతో పేర్చిన స్వస్తికల వరస చూసి అత్తయ్యగారు చేతులు జోడించారు. సూర్యుడికి గుర్తుగా వేసిన పాత చిహ్నమట. సెయింట్ స్టీఫెన్ చర్చికి టిక్కెట్టు ఉంది, అయినా మానకండి, లోపల గోడల నిండా 16వ శతాబ్దపు బొమ్మలే. అన్నీ చూసే ఓపిక ఉంటే ఉమ్మడి టిక్కెట్టు తీసుకోండి. ఊరి మధ్యలో కప్పు లేని సెయింట్ సోఫియా, సముద్రం అంచున 1913 భూకంపంలో దెబ్బతిన్న సెయింట్ జాన్ అలిటుర్గెటోస్ బయటి నుంచి చూసినా చాలు.

తిండికి మెయిన్ వీధి వద్దు. వెనక సందులో మాకు త్సాత్సా అనే చిన్న చేపల వేపుడు 8 లెవాలు, తరాటోర్ 5 లెవాలు. తరాటోర్ అంటే చల్లటి పెరుగులో కీరా, వెల్లుల్లి, సోయికూర, వాల్‌నట్లు వేసిన సూప్, మన కీరా పెరుగు పచ్చడిని పల్చగా కలిపినట్టు ఉంటుంది. శాకాహారి అయిన అత్తయ్యగారు రెండు గిన్నెలు తాగి, ఆ పూట మొదటిసారి నవ్వారు.

2026 జనవరి నుంచి అక్కడ యూరోనే నడుస్తోంది కాబట్టి లెవాల లెక్క మీకు అక్కర్లేదు. గది బుక్ చేసేముందు మాత్రం ఏసీకి విడిగా తీసుకుంటారా, కింద రెస్టారెంటు ఉందా అని మెసేజ్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు కట్టండి.