డిజిటల్ చదరంగ గడియారం: ఒక డ్రా ఆట చెప్పిన సంగతులు

అరవై అయిదేళ్లు పైబడినవారి విభాగంలో ఇటీవల నేను ఆడిన ఆట ఒకటి అరవై రెండో ఎత్తు దగ్గర డ్రాగా ముగిసింది. ఆ బల్లమీద నిర్వాహకులు పెట్టిన డిజిటల్ గడియారం గురించే ఈ సమీక్ష. సమయం అయిపోయిందని చెప్పే ఎర్రజెండా ఎప్పుడు పడుతుందోనన్న బెంగతో ముళ్ల గడియారాల మీద ఏళ్ల తరబడి ఆడినవాణ్ణి కనుక, ఒక్కొక్కరికి 90 నిమిషాలు, మొదటి ఎత్తు నుంచే ఎత్తుకు 30 సెకన్ల అదనం అనే పద్ధతిని ఇది ఎలా నడుపుతుందోనని కొంత అనుమానంతోనే కూర్చున్నాను.

ఆ లెక్కలో అది ఎక్కడా తడబడలేదు. నలభై అయిదో ఎత్తుకు నాకు నాలుగు నిమిషాలే మిగిలాయి. ప్రత్యర్థికి ఏనుగు, బంటు ఉండగా నాకు ఏనుగు ఒక్కటే ఉంది. ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 18వ శతాబ్దంలోనే చూపిన రక్షణ ఇక్కడ సరిపోతుంది: నా ఏనుగు ప్రత్యర్థి వైపు నుంచి లెక్కిస్తే ఆరో వరుసకు కాపలా కాస్తూ ఎదుటి రాజును అడ్డుకోవాలి, బంటు ఆ వరుసలోకి రాగానే కిందికి దిగి వెనకనుంచి చెక్‌లు చెప్పాలి. తెలిసిన విద్యే అయినా, వేళ్లు వణికే వయసులో ఆ ముప్పై సెకన్లు లేకపోతే గెలుపు గడియారానిదే అయ్యేది.

ప్రత్యర్థి బంటును కదపలేదు. అదే స్థితి మూడోసారి రాబోతున్నప్పుడు డ్రా కోరాలంటే, నియమం ప్రకారం నా ఎత్తును బల్లమీద వేయకుండా స్కోర్‌షీట్‌పై (ఎత్తులు రాసుకునే కాగితంపై) రాసి, గడియారం ఆపి ఆర్బిటర్‌ను, అంటే పోటీ న్యాయనిర్ణేతను, పిలవాలి. ఈ గడియారం అసలు లోపం అక్కడే బయటపడింది. ఆపే బొత్తాం శెనగగింజంత ఉండి, చట్రంలోకి లోతుగా దిగిపోయి ఉంది. రెండుసార్లు నొక్కినా అంకెలు పరుగెడుతూనే ఉండడంతో, చివరికి ప్రత్యర్థే "గోరుతో నొక్కండి సార్" అని సాయం చేశారు. ఆయన పెద్దమనసుకు గడియారం తయారీదారు రుణపడి ఉండాలి.

అంకెలు పెద్దవే కాని, తెర వెనక వెలుగు లేనందున కిటికీ పక్క కూర్చుంటే పక్కకు వంగి చూడవలసి వస్తుంది. ఎత్తు వేశాక నొక్కే మీట మాత్రం మెత్తగా, చప్పుడు లేకుండా వాలుతుంది.

ఆడుకోవడానికైతే నేనిది నిస్సంకోచంగా కొంటాను. పెద్దల పోటీలకు కొనేవారు మాత్రం ముందుగా ఆ బొత్తాన్ని తమ వేలితోనే నొక్కి చూసుకోవాలి.