ఆ స్టోరేజ్ డ్రైవర్ కొనేవాళ్లు జాగ్రత్త, ముందు వాళ్ల టెస్ట్ స్క్రిప్టులు తెరిచి చూడండి

ఎవరి డ్రైవరో (సర్వర్‌కీ డిస్క్‌కీ మధ్య డేటా రాసి, చదివే సాఫ్ట్‌వేర్) మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. సపోర్ట్‌తో సహా డబ్బు కట్టి తీసుకున్నాం. నిన్న సర్వర్ రీబూట్ అయ్యాక చూస్తే ఫైళ్ల పేర్లు ఉన్నాయి, లోపలంతా సున్నాలు. చివరి బ్యాకప్ తర్వాత రాసిందంతా పోయింది.

అసలు కడుపు మండేది దానికి కాదు. కొత్త వెర్షన్‌తో పాటు టెస్ట్ స్క్రిప్టుల్లో ఒక మార్పు పంపారు. వివరణ ఒక్క ముక్కే: "అప్పుడప్పుడు ఫెయిలవుతున్న టెస్ట్ సరిచేశాం." రివ్యూకి కూర్చుని చూశాను. రాసిన డేటాని తిరిగి చదివేముందు డిస్క్‌ని అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేసే (అంటే సిస్టం నుంచి విడదీసి తిరిగి కలిపే) రెండు లైన్లు ఎగిరిపోయాయి. అవి లేకపోతే చదివేది డిస్క్ నుంచి కాదు, మెమరీలో ఉన్న కాపీ (పేజ్ క్యాష్) నుంచి. డిస్క్ మీద ఒక్క బైటూ పడకపోయినా టెస్ట్ పాసైపోతుంది! దాని కింద ఇంకోటి. టెస్ట్ అవుట్‌పుట్‌ని పైపు పెట్టి 'టీ'కి (tee, వచ్చినదాన్ని స్క్రీన్ మీద చూపిస్తూ ఫైల్లో కూడా రాసే కమాండ్) పంపారు, పైప్‌ఫెయిల్ (పైపులో ఏ కమాండ్ ఫెయిలైనా మొత్తం ఫెయిలని చెప్పే సెట్టింగ్) పెట్టలేదు. అలా వదిలేస్తే స్క్రిప్టుని నడిపే బాష్ చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. టెస్ట్ ఫెయిలైనా 'టీ' సున్నా (అంటే సక్సెస్) ఇస్తుంది, స్క్రీన్ మీద పాస్ అని పడుతుంది.

లైన్లు చూపించి మరీ రాసి పంపాను. వచ్చిన జవాబు ఇది: "టెస్ట్ స్క్రిప్టే కదండీ, డ్రైవర్‌ని ముట్టుకోలేదు. చిన్న ఫిక్స్‌కి ఇంత రచ్చ దేనికి?" టికెట్ మూసేశారు. పాత వెర్షన్‌కి సపోర్ట్ ఆపేస్తామన్నారు, కొత్తది ఎక్కించక తప్పలేదు.

నిన్న డేటా పోయాక ఫోన్ చేస్తే అదే మనిషి ఎత్తాడు. "మా దగ్గర టెస్టులన్నీ పాసయ్యాయండీ, మీ హార్డ్‌వేర్ చెక్ చేయించుకోండి" అన్నాడు. ఏ టెస్టులయ్యా? నేను తప్పని చూపించిన ఆ టెస్టులేగా! ఒక్క క్షమాపణ లేదు, చూస్తామన్న మాట కూడా లేదు. రాత్రి ఆ రెండు లైన్లూ తిరిగి పెట్టి, పైప్‌ఫెయిల్ కలిపి, వేరే మెషీన్‌లో ఖాళీ డిస్క్ మీద నడిపాను. ఫెయిల్. అంటే డ్రైవర్‌లోని తప్పుని ఆ టెస్ట్ పట్టుకుంటూనే ఉంది, వీళ్లు దాని నోరు నొక్కారు.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఇవాళే బ్యాకప్ తీసుకోండి. కొనబోయేవాళ్లు వాళ్ల స్క్రిప్టుల్ని నమ్మకుండా, అవసరమైన డేటా ఏదీ లేని డిస్క్ ఒకటి తీసుకుని ఎఫ్‌ఐఓలో (fio, డిస్క్‌ని పరీక్షించే టూల్) డైరెక్ట్ (క్యాష్‌ని పక్కన పెట్టేది), వెరిఫై (రాసింది సరిగా ఉందో చూసేది) రెండూ ఆన్ చేసి నడపండి. మధ్యలో ఒకసారి రీబూట్ చేసి, వెరిఫై మాత్రం మళ్లీ నడపండి.