అలెప్పీలో హౌస్‌బోటా, సర్కారు బోటా?

సెలవులు దగ్గరపడితే చాలు, నాకు ఒకటే ప్రశ్న వస్తుంటుంది: "కేరళ వెళ్తున్నాం, హౌస్‌బోట్‌లో ఒక రాత్రికి అంత డబ్బు పెట్టొచ్చా?"

ముందు టైం లెక్క చూడండి. మామూలుగా మధ్యాహ్నం పన్నెండింటికి ఎక్కిస్తారు, మర్నాడు తొమ్మిదింటికి దింపుతారు. సాయంత్రం ఐదున్నరకల్లా ఒడ్డున కట్టేయాలి, ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకుంటారు. భోజనానికి ఆపేది తీసేసి, మర్నాడు పొద్దున తిప్పే కాసేపు కలిపినా పడవ కదిలేది ఐదారు గంటలే. మిగతా సేపు అది నీళ్ల మీద హోటల్ గది. వేడివేడి కరిమీన్ చేప వేపుడు మాత్రం బాగుంటుంది. శాకాహారులు ఆవకాయ సీసా వెంట పెట్టుకోవడం మంచిది.

నన్ను అడిగితే అసలు తేల్చేది పడవ వెడల్పు. మూడు గదుల హౌస్‌బోట్ సన్న కాలవల్లోకి దూరలేదు. పున్నమడ, వెంబనాడు సరస్సు, పెద్ద కాలవలు, అంతే. సీజన్‌లో ముందూ హౌస్‌బోటే, వెనకా హౌస్‌బోటే. ఈ నీళ్ల మధ్య పల్లెల ప్రాంతమైన కుట్టనాడులో జనం ఉండేదేమో ఆ సన్న కాలవల గట్ల మీద!

అక్కడికి వెళ్లేది సర్కారు బోటు. కేరళ జలరవాణా శాఖ 1968 నుంచీ నడుపుతోంది. అలెప్పీ బస్టాండుకు దగ్గర్లోనే జెట్టీ (బోటు ఎక్కే రేవు), టికెట్టు సిటీ బస్సు టికెట్టంత. కొట్టాయానికి రెండున్నర గంటలు పడుతుంది. ముందు చుక్కాని పట్టుకునే స్రాంక్ తాడు లాగి గంట కొడితే, ఇంజను దగ్గరున్న డ్రైవరు వేగం తగ్గిస్తాడు. లాస్కర్ అనే పడవ సహాయకుడు జెట్టీ గుంజకు తాడు ఒక చుట్టు వేసి పట్టుకుంటాడు, జనం ఎక్కీ దిగీ అయ్యేసరికి విప్పేస్తాడు. బడిపిల్లలు, సంచులతో ఆడవాళ్లు, అంతా రోజూ తిరిగేవాళ్లే. గట్టుకు ఇటు నీళ్లు, అటు నీటిమట్టం కన్నా లోతులో వరిపొలాలు. కోనసీమ వాళ్లకు కొబ్బరిచెట్లు కొత్త కాదు గానీ, బోటులోంచి పొలంలోకి కిందికి చూడటం కొత్తే.

అలాగని సర్కారు బోటులో సుఖం వెతక్కండి. గట్టి సీట్లు, ఆఫీసు వేళల్లో తోపులాట. గుర్రపుడెక్క పేరుకుంటే ప్రయాణం సాగదీస్తుంది కూడా. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకూ, కొత్త దంపతులకూ హౌస్‌బోటే నయం. ఒక్క గది పడవ అడగండి. ఏసీ రాత్రి మాత్రమేనా, రోజంతానా అన్నది ముందే తేల్చుకోండి, చవక ప్యాకేజీల్లో గొడవ అక్కడే వస్తుంది.

నేనైతే హోంస్టేలో దిగుతాను. పొద్దున సర్కారు బోటు, సాయంత్రం కైనకరి అనే పల్లె వైపు చిన్న తెడ్డు పడవ. ఈ రెండూ కలిపినా హౌస్‌బోట్ ఖర్చులో కొంతే.

కొచ్చి వాటర్ మెట్రో, అంటే ఆ నగరంలో తిరిగే ఏసీ బోట్ల గురించి కూడా అడుగుతుంటారు. 2023లో మొదలైంది, శుభ్రంగా, చల్లగా ఉంటుంది, ఊళ్లో తిరగడానికి బాగుంటుంది. మన కోనసీమలోని దిండి హౌస్‌బోట్ అంటారా, రాజమండ్రి చుట్టుపక్కల వాళ్లకు వారాంతానికి సరిపోతుంది.