పిండి తెలిసిన హోటళ్లు: అంబాజీపేట నుంచి భీమవరం దాకా

ఉదయం ఏడింటికల్లా కోనసీమలోని అంబాజీపేటలో ఉండేలా బయల్దేరండి. ఆలస్యమైతే పొట్టిక్కలు అయిపోతాయి. పనసాకుల్ని ఈనెలతో గిన్నెలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. వేడి మీద తింటేనే అది తెలుస్తుంది, చల్లారితే మామూలు ఇడ్లీకీ దీనికీ పెద్ద తేడా ఉండదు. అందుకే బాగా నడిచే హోటల్లో లెక్కగా రుబ్బుతారు, పిండి అయిపోగానే పొయ్యి కట్టేస్తారు. గిరాకీ లేని చోట చూడండి: పొట్టిక్కతో పాటు పూరీ, మైసూర్ బజ్జీ, ఐదారు రకాల దోసెలు బోర్డు మీద ఉంటాయి, మాస్టరు మాత్రం ఒక్కడే. మిగిలిన పిండి ఎండాకాలంలో మధ్యాహ్నానికే పులిసిపోతుంది. దాన్ని మర్నాటి పిండిలో కలిపితే మొదటి ముద్దలోనే దొరికిపోతుంది. తినేవాళ్లంతా ఇంట్లో పిండి రుబ్బుకునేవాళ్లే కదా.

అమలాపురం, భీమవరాల్లో పిజ్జా షాపుల్ని కూడా ఇలాగే చూడాలి. మైదా ముద్దా పులిసేదే. కిలో మైదాకి 600 మి.లీ. నీళ్లు, 20 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్ వేసి కలిపితే 180 గ్రాముల ఉండలు తొమ్మిది దాకా వస్తాయి. ఒక్కో ఉండ ఎనిమిది అంగుళాల పిజ్జాకి సరిపోతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే రుచి పట్టుకుంటుంది. ఏసీ కిచెన్లో పని నేర్చుకున్న మాస్టరు మే నెల ఉక్కలో ఇక్కడ అదే కొలత పెట్టి, ఉండల్ని గంటసేపు బల్ల మీద వదిలేస్తే అవి జారిపోయి, సాగదీస్తే చిరుగుతాయి. ఐస్ నీళ్లతో కలపాలి, ఈస్ట్ తగ్గించాలి, ఉండని కాల్చే ముందు ఇరవై నిమిషాలకు మించి బయట పెట్టకూడదు. ఈ సర్దుబాటు చేతకాని షాపులు రెడీమేడ్ బేస్‌కి దిగుతాయి. అది ముందే ఒకసారి కాలింది, మళ్లీ కాలిస్తే అంచు రస్కులా గట్టిపడుతుంది.

అంతకంటే పెద్ద దెబ్బ ఓవెన్ దగ్గర తగులుతుంది. రాతి పలక ఉన్న ఓవెన్ 280 నుంచి 300 డిగ్రీలు అందుకుంటే పిజ్జా ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఆర్డర్లు తక్కువని కరెంటు బిల్లుకు భయపడి ఓవెన్ ఆపేసి ఉంచితే, మీరొచ్చి ఆర్డరిచ్చాకే దాన్ని వెయ్యాలి. పలక పూర్తిగా వేడెక్కకుండానే పిజ్జా లోపల పెడతారు. పావుగంట కాలేసరికి అంచు ఎండిపోతుంది, కూరగాయల నీరు ఊరి నడుమ పచ్చిగా మిగులుతుంది. తిన్నవాడు మళ్లీ రాడు, ఆర్డర్లు ఇంకా తగ్గుతాయి, ఓవెన్ ఇంకాసేపు చల్లగా ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే చెప్పనక్కర్లేదు. మూతపడిన షాపుల్లో చాలావాటిని తినేసింది ఈ చక్రమేనని నా అభిప్రాయం. జనానికి పిజ్జా నచ్చక కాదు.

నిలబడినవి రెండు రకాలు. ఒకటి బేకరీలు: కేకులకీ బన్నులకీ రోజంతా ఓవెన్ వేడిగానే ఉంటుంది, పిజ్జా దాని మీద అదనపు ఆదాయం. రెండోది కాలేజీల దగ్గర సాయంత్రం ఐదు నుంచి పది వరకే తెరిచే చిన్న షాపులు. ఏడెనిమిది రకాలే చేస్తారు, ఆ ఐదు గంటలూ ఓవెన్ ఆపరు. మీరు కూర్చునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఓవెన్ వేడిగా ఉందాండీ?" అరగంట పడుతుందంటే పక్కనే ఉన్న టిఫిన్ సెంటర్‌కి వెళ్లండి. పార్శిల్ అయితే దూరం చూసుకోండి. కాలవ గట్ల మీద పది కిలోమీటర్లు వెళ్లేసరికి ఆవిరికి డబ్బా మెత్తబడుతుంది. మంచి షాపులో పిజ్జాని ఒక నిమిషం జల్లెడ మీద ఆరనిచ్చాకే డబ్బాలో పెడతారు.

కార్తీకమాసంలో లెక్క మారిపోతుంది. ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం పంచారామాల యాత్రకి బస్సులు వరసకడతాయి. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం అడిగేవాళ్లే ఎక్కువ, సోమవారం చాలామంది నక్షత్రం చూశాకే తింటారు. దీనికి ముందే సిద్ధపడి, వేరే గిన్నెలు పెట్టి, రాత్రి ఎనిమిదికి అల్పాహారం వేడిగా అందించే హోటల్ ఆ నెలలోనే బాగా సంపాదిస్తుంది. చికెన్ బిర్యానీ మీదే బతికే హోటల్‌కి జీతాలివ్వడమే కష్టమవుతుంది.

రాత్రి బసకి దిండి బాగుంటుంది. గోదావరి ఒడ్డు, కొబ్బరితోటలు, చించినాడ వంతెన దాటితే పాలకొల్లు దగ్గరే. భోజనం మాత్రం మధ్యాహ్నమే చెప్పి ఉంచండి. చేపల కూర అప్పటికప్పుడు అడిగితే ఫ్రిజ్ చేపే వస్తుంది. పులస అయితే గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై నుంచి సెప్టెంబరు లోపలే అడగండి. మిగతా నెలల్లో బోర్డు మీద కనిపించే పులసని నమ్మొద్దు. సీజన్లో కూడా చేపని చూసి, ఎదురుగా తూకం వేయించి, ధర మాట్లాడుకున్నాకే కూర వండించండి.

భీమవరంలో సంక్రాంతికి గది కావాలంటే నెల ముందే అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకోండి. తిరుగు దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొనేటప్పుడు ఒక రేకు విప్పించి నెయ్యి వాసన చూడండి. బెల్లం పొడి తడిసి ముద్దకట్టి ఉంటే ఆ పెట్టె వద్దు.