ముంపు ఊరిని వెతకాలంటే ఏ పటం మేలు?

"మా తాతల ఊరు డ్యాములో మునిగిపోయింది. ఫోన్లో చూస్తే అంతా నీళ్లే. పాత మ్యాపుల్లో ఏది చూస్తే మంచిది?" ఈ రెండేళ్లలో నన్ను ఈ మాట అడిగినవాళ్లు ఇరవై మందికి తక్కువ ఉండరు. శ్రీశైలం ముంపువాళ్లు, నాగార్జునసాగర్ ముంపువాళ్లు, ఈమధ్య పోలవరం వైపు నుంచి కూడా. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి అలసిపోయాను కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

నేనూ ఆ బాపతే. మా నాయన పుట్టిన ఊరు కర్నూలు జిల్లా నందికొట్కూరు తాలూకాలో, కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఖాళీ చేయించిన దాదాపు వంద ఊళ్లలో అదొకటి. అది మునిగేనాటికి నేను ఇంకా పుట్టలేదు. నాకు తెలిసిన ఊరంతా జేజి చెప్పిన కథల్లోదే.

చూడదగ్గవి మూడున్నాయి. అమెరికా సైన్యపు పటాల శాఖ 1950ల్లో వేసిన యు502 సిరీస్. మన ప్రభుత్వ పటాల సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వేసిన అంగుళం-మైలు టోపోషీట్లు, అంటే అంగుళానికి ఒక మైలు చొప్పున నేల ఎత్తుపల్లాలూ బాటలూ చూపే పటాలు. రెవెన్యూవాళ్ల గ్రామ నక్షా. మిగతావి కూడా ఉన్నాయి గానీ వాటికి చివర్లో రెండు ముక్కలు చాలు.

మొదట అమెరికావాళ్లది. మెచ్చుకోవలసిన సంగతి ఏమిటంటే, ఎవరినీ బతిమాలే పని లేదు. టెక్సాస్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయం ఈ షీట్లను స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది. స్కేలు 1:2,50,000, అంటే ఒక సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు. ఒక్కో షీటు ఉత్తర దక్షిణాలుగా సుమారు 110, తూర్పు పడమరలుగా సుమారు 160 కిలోమీటర్ల నేలను చూపిస్తుంది. మన ప్రాంతం చాలావరకు ఎన్ఇ 44, ఎన్‌డి 44 అని మొదలయ్యే షీట్లలో వస్తుంది. 16 డిగ్రీల అక్షాంశానికి పైన ఉంటే మొదటిది, కింద ఉంటే రెండోది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కూర్చుని వెతికేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోకుండా దీంతోనే మొదలుపెట్టవచ్చు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇంగ్లీషు స్పెల్లింగుతో తంటాలు పడి, అరగంటలో మా ఊరి పేరు పట్టుకున్నాను. చుక్క పక్కన చిన్న అక్షరాల్లో పేరు, పక్కనే నీలిరంగు కృష్ణ. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. స్క్రీన్‌షాట్ తీసి చుట్టాలందరికీ పంపాను. రెండేళ్లపాటు ఇక ఇంతే అనుకున్నాను.

తర్వాత తెలిసింది, ఆ పటంలో ఊరు ఉందని తప్ప ఊరి గురించి ఏమీ లేదని. సైన్యానికి కావలసినవి పెద్ద రోడ్లు, రైళ్లు, నదులు, కొండలు. పైగా అమెరికావాళ్లు వచ్చి మన పొలాల్లో కొలవలేదు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలనే ఆధారంగా పెట్టుకుని కుదించి గీశారు. కుదించేటప్పుడు ఎగిరిపోయేవి చిన్న ఊళ్లు, కాలిబాటలు, బావులు. ఇంటిపేరును బట్టి మూలగ్రామం వెతికేవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ పేరుతో చుక్క కనబడలేదు కాబట్టి అలాంటి ఊరే లేదని ఈ స్కేలులో చూసి తేల్చకూడదు.

ఇక గ్రామ నక్షా. ఇది పూర్తిగా వేరే లోకం. ఇందులో ప్రతి సర్వే నంబరూ ఉంటుంది. గ్రామకంఠం ఎంతవరకు, చెరువు ఎక్కడ, డొంక ఎటు పోతుంది, అన్నీ ఉంటాయి. ఆంధ్ర వైపు ఎఫ్.ఎం.బి., అడంగల్, తెలంగాణ వైపు టిప్పన్, సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఈ పొలాల కొలతల, సాగు లెక్కల రికార్డులు పక్కన పెట్టుకుని చూస్తే, మీ తాత ఏ మడి దున్నాడో వేలు పెట్టి చూపించవచ్చు. ముంపు ఊళ్లకైతే నష్టపరిహారపు అవార్డు కాగితాల్లో సర్వే నంబర్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి జత కలపడం తేలిక. మీకు కావలసింది భూమి కథ అయితే, అన్నదమ్ముల పంపకాలు, పోయిన పొలం, రావలసిన పరిహారం లాంటివైతే, దీన్ని మించింది లేదు. ఆ పనికి టోపోషీటు ఎందుకూ పనికిరాదు.

కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, దొరకడం. ఒక కార్యాలయంలో నన్ను నాలుగుసార్లు తిప్పించి, చివరికి "ఆ ఊరే లేదు కదండీ, నక్షా ఎందుకు?" అన్నారు. రెండోది ఇంకా పెద్దది. గ్రామ నక్షాలో ఊరి పొలిమేర దాటగానే తెల్లకాగితమే. అంచున పక్క ఊరి పేరు ఉంటుంది, అంతే. మనుషులు పొలిమేర దగ్గర ఆగిపోరు కదా.

నా మనసు మార్చింది ఈ రెండో సంగతే. మా జేజి పుట్టిల్లు కృష్ణకు అవతల, కొల్లాపురం వైపు. ఆ రోజుల్లో అది నిజాం రాజ్యం, మాది మద్రాసు రాష్ట్రం. అటు నిజాం డబ్బు హాలీ సిక్కా, ఇటు ఇంగ్లీషు రూపాయి. దగ్గరలో నందికొట్కూరు, ఆత్మకూరు వైపు ఇన్ని ఊళ్లుండగా, నది దాటి వేరే రాజ్యం పిల్లను ఎందుకు తెచ్చుకున్నారనేది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. అమెరికా పటంలో రెండు చుక్కలు, మధ్య నది. గ్రామ నక్షాలో నది ఒడ్డు వరకే. రెండూ నాకు ఏమీ చెప్పలేదు.

అంగుళం-మైలు షీటు చెప్పింది. దీని స్కేలు 1:63,360. అమెరికా షీటు ఒక్కటి పట్టే నేలకు ఇవి ఇరవై నాలుగు కావాలి. మాకు పట్టిన దరిద్రం, అక్కడ కృష్ణ సరిగ్గా 16 డిగ్రీల గీతకు అటూ ఇటూగా పారుతుంది. అందుకని ఊరు ఒక షీటులో, జేజి పుట్టిల్లు ఇంకో షీటులో. 57ఐ/5, 56ఎల్/8 రెండూ సంపాదించి, అంచులు కత్తిరించి అతికించాను. అప్పుడు కనబడింది. మా ఊరి నుంచి చుక్కల గీతగా ఒక కాలిబాట నదిలోకి దిగుతుంది. నీళ్ల మీద ఇంగ్లీషులో 'ఫెర్రీ' అని రాసి ఉంది. అవతలి ఒడ్డున అదే బాట పైకెక్కి బండిబాటలో కలిసి జేజి ఊరు చేరుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే మొత్తం నాలుగంగుళాలు, అంటే నాలుగు మైళ్లు. నందికొట్కూరు బండిబాట దానికి నాలుగింతలుంది.

నది దాటించే గుండ్రటి తెప్పను మా వైపు పుట్టి అంటారు. చిన్నాయనకు ఫోన్ చేసి చెబితే, "ఇందులో ఏముందిరా వింత? పుట్టి ఎక్కితే అరగంట. నందికొట్కూరు పోవాలంటే పొద్దంతా బండిలో కూసోవల్ల. ఎవరు దగ్గర?" అన్నాడు. ఇది ఆయన్ను ముందే అడగవచ్చు కదా అంటారా? అడగాలని తెలియాలి గదా.

కాబట్టి నా లెక్కలో పటాన్ని తూచవలసింది ఊరి చుక్క ఉందా లేదా అని కాదు, బాటలున్నాయా లేదా అని. సంబంధాలు, సంతలు, తిరునాళ్లు, కూలికి పోవడం, కరువులో వలస పోవడం, అన్నీ ఆ బాటల మీదే జరిగాయి. అంగుళం షీటులో గట్టి రోడ్డుకు ఒక గీత, మట్టి రోడ్డుకు ఒకటి, బండిబాటకు ఒకటి, కాలిబాటకు ఒకటి. గుడి, మసీదు, సమాధి, కట్టిన బావి, కట్టని బావి, తాటిచెట్లు, పోస్టాఫీసు, బంగళా, అన్నింటికీ గుర్తులున్నాయి. ఊరికి కాస్త ఎడంగా నాలుగైదు ఇళ్ల గుంపు కనబడితే అది ఏ వాడో మన ఊళ్లు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల పటం దానికి పేరు కూడా రాయలేదు.

ముంపువాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఈ షీట్ల మీద యాభై అడుగుల ఎత్తుకొకటి చొప్పున కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఉంటాయి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 850, 900 గీతలు రెండూ పట్టుకుని, 900కు కాస్త లోపలగా పెన్సిలుతో గీసుకుంటూ పోతే జలాశయం అంచు మీ చేతుల్లోనే తయారవుతుంది. ఏ ఊరు నిలువునా మునిగింది, ఏ ఊరికి పొలాలు పోయి ఇళ్లు మిగిలాయి, అంతా కళ్లకు కడుతుంది. నాగార్జునసాగర్‌కు ఇదే పని 590 అడుగుల దగ్గర చేయాలి. 1967కు ముందటి నాగార్జునకొండ లోయను అలా చూడాలంటే 56పి/2 షీటు వెతకండి. ఇప్పుడు దీవిగా కనబడేది అందులో కొండ. అమెరికా షీటులో కాంటూరు గీతలు మరీ దూరం దూరంగా ఉంటాయి కాబట్టి ఈ పని కుదరదు.

లోపాలు లేవని కాదు. అంగుళం షీట్లు అన్నీ ఒకచోట దొరకవు. కొన్ని విదేశీ గ్రంథాలయాల స్కాన్లలో ఉంటాయి, కొన్ని మన పాత కాలేజీల జాగ్రఫీ, జియాలజీ విభాగాల బీరువాల్లో దుమ్ము కొట్టుకుని ఉంటాయి. తీరానికి దగ్గరి షీట్లు చాలాకాలం నిషిద్ధ జాబితాలో ఉండేవి. కోనసీమ, బందరు, నెల్లూరు వాళ్లకు ఓపిక ఎక్కువ కావాలి. డెల్టాలో నేలంతా సమతలం కాబట్టి కాంటూరు లాభం కూడా వాళ్లకు అంతగా ఉండదు. అక్కడ కాలవల పేర్లే దారి చూపిస్తాయి.

ఏ పటమైనా సరే, అచ్చువేసిన ఏడాది చూసి మోసపోకండి. షీటు మీద 1950ల తేదీ ఉన్నా, కొలిచింది అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందు అయ్యుండవచ్చు. కింది అంచున సర్వే చేసిన సంవత్సరాలు విడిగా రాసి ఉంటాయి, అవి చదవండి. ఆ తర్వాత పుట్టిన కొత్తపల్లెలు, నగర్‌లు, కాలనీలు అందులో ఉండవు. తేదీ చిరిగిపోయిన షీటైతే కృష్ణకు దక్షిణాన ఏ రాష్ట్రం పేరుందో చూడండి. మద్రాసు అని ఉంటే 1953కు ముందటిది. దక్షిణాన ఆంధ్ర, ఉత్తరాన హైదరాబాదు అని ఉంటే 1953-56 మధ్యది. జిల్లాల విషయంలోనూ అంతే. ఆదోనిని బళ్లారి జిల్లాలో, భద్రాచలాన్ని తూర్పుగోదావరిలో, మునగాల పరగణాను కృష్ణా జిల్లాలో వెతకాల్సి వస్తుంది. తాత సర్టిఫికెట్లో జిల్లా పేరు చూసి తప్పు అనుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

స్కాన్‌ను ఫోన్లో పెట్టుకుని ముంపు నేల మీద తిరగాలనుకునేవాళ్లకు ఒక మాట. పాత షీట్లు ఎవరెస్ట్ అనే పాత భూగోళ కొలతల లెక్క మీద గీసినవి, ఫోన్ జీపీఎస్ లెక్క వేరు. నాకు ఈ సంగతి తెలియక, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు వెళ్లి, గుడి ఉండాల్సిన చోట బురదలో గంటసేపు వెతికాను. మా వైపు ఈ తేడా వంద మీటర్లు దాటుతుంది. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో స్కాన్‌ను జతచేసేటప్పుడు డేటమ్, అంటే ఆ కొలతల లెక్క, సరిగ్గా ఎంచుకోండి. లేదంటే ఇప్పటికీ కదలకుండా ఉన్న ఏ కొండ శిఖరాన్నో ఆధారంగా పెట్టుకుని సరిచూసుకోండి.

మిగతావి క్లుప్తంగా. సర్వే ఆఫ్ ఇండియా ఇప్పటి 1:50,000 ఓపెన్ సిరీస్ పటాలు సులువుగా దొరుకుతాయి, ముంపువాళ్లకు మాత్రం నీలిరంగు చూపించి ఊరుకుంటాయి. ఊరు మునగనివాళ్లకు పాతదాని పక్కన పెట్టి పోల్చుకోవడానికి బాగుంటాయి. అమెరికా కరోనా గూఢచారి ఉపగ్రహాలు 1960-72 మధ్య తీసిన ఫోటోలు 1995లో బయటికొచ్చాయి. వాటిలో ఊరు కనబడుతుంది, పేరు కనబడదు. జిల్లా గెజెటీర్ల (జిల్లా వివరాల పాత సర్కారు పుస్తకాల) వెనక మడతపెట్టి ఉండే పటాలు తాలూకా సరిహద్దులకు తప్ప దండగ.

ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లు ఈ వరసలో పోవచ్చు. యు502లో ఊరిని పట్టుకోండి, దాన్నిబట్టి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి, వాటితో అంగుళం షీటు నంబరు లెక్కగట్టండి. భూమి గొడవ ఉంటేనే నక్షా కోసం ఆఫీసుల చుట్టూ తిరగండి. డబ్బూ టైమూ ఒక్కదానికే ఉంటే అంగుళం షీటుకే పెట్టండి. ఊరు అంచున ఉంటే రెండు షీట్లకు.

అతికించిన రెండు షీట్లను పెద్ద సైజులో ప్రింటు తీయించి పోయిన సంక్రాంతికి చిన్నాయనకు ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత 'ఫెర్రీ' అక్షరాల మీద వేలు పెట్టి, "ఇది తప్పు. పుట్టి ఈడ కట్టేటోళ్లు కాదు, ఇంగా కిందికి, మర్రిమాను కాడ" అన్నాడు. ఆ షీటు కొలిచినప్పటికి ఆయన పుట్టనే లేదు. మధ్యలో ఏ వరదకో రేవు మారి ఉంటుంది. ఆయనే పెన్సిలు అడిగి తీసుకుని, అర అంగుళం కింద ఒక చిన్న గీత గీశాడు.