జాగ్రత్త: అభిమాన రచయిత్రి "కొత్త" నవల కొనేముందు కాపీరైట్ పేజీ చూడండి

అట్టమీద అభిమాన రచయిత్రి పేరు కనిపించగానే వెనకాముందూ చూడకుండా కొనేసేవాళ్లకే ఈ హెచ్చరిక. ఇంగ్లీషు క్రైస్తవ ప్రేమ నవలలు చదివే మనవాళ్లలో ఈ అలవాటు బాగా ఉంది. దిగుమతి ప్రతికి డాలరు లెక్కన డబ్బు పోసి, వారాల తరబడి ఎదురుచూసి, పుస్తకం చేతికొచ్చాక ముప్పై పేజీలు తిరగకుండానే తేడా తెలిసిపోతుంది. సంభాషణల్లో ఆవిడ చురుకు కనిపించదు. ఈ కాలపు కథే అంటారు కానీ ఎవరి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉండదు. నాయిక ఇంటికొచ్చి, ల్యాండ్‌లైన్ ఫోనుకి తగిలించిన పాతకాలపు ఆన్సరింగ్ మెషీన్‌లో మెసేజీలు వింటూ ఉంటుంది.

ఆ ఆన్సరింగ్ మెషీనే అసలు గుట్టు. రచయిత్రి చెయ్యి పడిపోలేదు, చెయ్యి ఇంకా తిరగని రోజుల్లో రాసిన పుస్తకాన్ని మీకు ఇప్పుడు అమ్మారు.

ఇదెలా జరుగుతుందంటే, 1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ తొలి నవల బెథనీ హౌస్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థ నుంచి వచ్చాక ఈ తరహా కథలకి పాఠకులున్నారని ప్రచురణకర్తలకి తెలిసింది. 1990ల నాటికి నెలనెలా చిన్న నవలలు తెచ్చే వరసలు మొదలయ్యాయి. బార్బర్ సంస్థ హార్ట్‌సాంగ్ ప్రెజెంట్స్ అలాంటిదే. 1997లో ప్రేమ నవలల ప్రచురణ సంస్థ హార్లెక్విన్ వాళ్లు లవ్ ఇన్‌స్పైర్డ్ అనే క్రైస్తవ ప్రేమకథల వరస తెచ్చారు. ఇప్పుడు లావుపాటి నవలలతో పేరు తెచ్చుకున్న రచయిత్రులు కొందరు అక్షరాలు దిద్దుకున్నది ఆ బడుల్లోనే. పేరొచ్చాక ఆ పాత నవలలు మళ్లీ బయటికొస్తాయి. ఒక్కోసారి ప్రచురణకర్తే వేస్తాడు. హక్కులు తిరిగి దక్కితే రచయిత్రే స్వయంగా ఈబుక్‌గా పెట్టుకుంటుంది. బార్బర్ వాళ్లు హార్ట్‌సాంగ్ నవలల్ని మూడేసి కలిపి, కథ జరిగే అమెరికా రాష్ట్రం పేరుతో ఒక్కో సంపుటంగా అమ్మారు. పాతవి మళ్లీ వేయడం తప్పేం కాదు. పేరు మార్చి, అట్ట మార్చి, ఆ సంగతి చీమ తలకాయంత అక్షరాల్లో లోపల దాచడమే తప్పు. "పాతదే మంచిది" అని లూకా సువార్తలో ఉన్నది ద్రాక్షారసం గురించి, నవలల గురించి కాదు.

కాబట్టి ముందు కాపీరైట్ పేజీ తెరవండి. అక్కడ చూడాల్సింది © గుర్తు పక్కనున్న సంవత్సరం. రెండు సంవత్సరాలుంటే, ముందుది మొదట రాసినప్పటిది, రెండోది సవరించినదో మళ్లీ వేసినదో అయ్యుంటుంది. "ఇంతకుముందు ఫలానా పేరుతో వెలువడింది" అన్న వాక్యం ఉంటే ఆ పేరు రాసిపెట్టుకోండి, మీ అలమారలో ఇప్పటికే ఉండొచ్చు. కింద ఒకటి నుంచి పది దాకా అంకెల వరస కనిపిస్తుంది. అందులో మిగిలిన అతి చిన్న అంకె అది ఎన్నో ముద్రణో చెబుతుంది, అంతే. కొత్త పేరుతో వేసినప్పుడు ఆ వరస మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి "1" కనిపించిందని కొత్త పుస్తకం అనుకోకండి. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌నీ నమ్మకండి. మామూలు ప్రతికి ఒకటి, పెద్దక్షరాల ప్రతికి ఒకటి, ఈబుక్‌కి ఒకటి, ఇలా ఒకే కథకి చాలా నంబర్లుంటాయి.

కిండిల్‌లో ఇంకో చిక్కుంది. పుస్తకం తెరిస్తే నేరుగా మొదటి అధ్యాయంలో దిగుతుంది, కాపీరైట్ పేజీ వెనకే ఉండిపోతుంది. మెనూలోంచి అట్ట దగ్గరికి వెళ్లి ఒక్కో పేజీ ముందుకు తిప్పుకుంటూ రండి. కొన్ని ఈబుక్కుల్లో ఆ పేజీని చిట్టచివర పెడతారు, అప్పుడు ఉచిత శాంపిల్‌లో అది దొరకదు. అలాంటప్పుడు పాఠకులు రివ్యూలు రాసే గుడ్‌రీడ్స్ సైటులో ఆ పుస్తకం తెరిచి "మొదట ప్రచురితమైంది" అన్న చోట సంవత్సరం చూడండి. నెల, తేదీ జనవరి 1 అని ఉంటే పట్టించుకోకండి, సరైన తేదీ ఎక్కించనప్పుడు చాలాసార్లు అలాగే కనిపిస్తుంది.

ఇంతకన్నా తేలికైన కిటుకు పాఠకుల రివ్యూల్లో ఉంది. అమెజాన్‌లో ఒకే పుస్తకపు వేర్వేరు ముద్రణల రివ్యూలు తరచూ ఒకే కుప్పగా చేరతాయి. పోయిన నెల వచ్చిందంటున్న నవలకి పదేళ్ల కిందటి రివ్యూ కనిపిస్తే ఇంక వేరే రుజువు అక్కర్లేదు. పూర్తిగా కొత్త పుస్తకమైతే ఇబ్బంది ఇంకోలా ఉంటుంది: విడుదల రోజుకే ఐదు చుక్కలు వరస కట్టి ఉంటాయి. ముందస్తు ప్రతి ఉచితంగా అందుకున్నామని వాటి చివర్లో వాళ్లే రాస్తారు. అబద్ధం చెప్పారని కాదు, వాళ్లు డబ్బు పెట్టి కొనలేదు. మూడు చుక్కల రివ్యూలు చదవండి. కథ ఎక్కడ కుంటిందో వాళ్లే చెబుతారు.

పొడవు సంగతి. లవ్ ఇన్‌స్పైర్డ్ నవల దాదాపు 55,000 పదాలు, పెద్ద నవల 80,000 నుంచి లక్ష దాకా ఉంటుంది. అట్టమీద ఆవిడ పేరు పెద్దగా, కింద ఇంకో ముగ్గురి పేర్లు చిన్నగా ఉంటే అది నవలికల సంపుటం. 350 పేజీల్లో ఆవిడ వాటా 90 పేజీలే. పెద్దక్షరాల ప్రతి 400 పేజీలు దాటినా కథ పెరగదు, అక్షరాలే పెరుగుతాయి.

ఇక అసలు నిరాశ, విశ్వాసం గురించినది. ఈ కథలన్నిటి వెనకా పౌలు మాట ఒకటి నిలబడి ఉంటుంది: "మీరు అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి" (2 కొరింథీ 6:14). నాయిక విశ్వాసి, నాయకుడు కాదు అని మొదలుపెడితే, పెళ్లికి ముందే అతనికి మారుమనస్సు కలగాలి. పెద్ద నవలలో అతని కోపానికి, తండ్రితో ఉన్న తగాదాకి, చర్చి సంఘంలో చూసిన వేషధారణకి చోటుంటుంది. చిన్న నవలలో అదే కథకి తోడు ఓ తల్లిలేని పాప, అమ్మకానికొచ్చిన పొలం, ఊళ్లో క్రిస్మస్ పండగ కూడా ఇరికించాలి. దాంతో మారుమనస్సు చివరి మూడు అధ్యాయాల్లో పడుతుంది: ఓ ప్రమాదం, ఆసుపత్రి వరండా, అర పేజీ ప్రార్థన, కారు పార్కింగ్‌లో ఉంగరం. అతను దేవుణ్ణి నమ్మాడా, పిల్లని దక్కించుకోవడానికి తలూపాడా అన్న అనుమానం పాఠకుడికి మిగిలిపోతుంది.

దీన్ని దుకాణంలోనే పసిగట్టొచ్చు. పుస్తకాన్ని సరిగ్గా మధ్యలో తెరిచి ఐదారు పేజీలు చదవండి. అప్పటికే అతను దేవుడితో ఏదో రకంగా పోట్లాడుతూ ఉండాలి, కనీసం తప్పించుకు తిరుగుతూ ఉండాలి. విశ్వాసం ఊసే లేకుండా చూపులూ కాఫీలూ మాత్రమే ఉంటే, ప్రార్థన చివర్లో అతికించినట్టే. దీనికి ఎదురు జబ్బూ ఉంది: నోరు తెరిస్తే బైబిలు వాక్యం చెప్పే నాయనమ్మ పాత్ర. ఆవిడ ప్రతి రెండు పేజీలకి ఓసారి వస్తుంటే మీరు కొన్నది సండే స్కూలు పాఠం.

"క్లీన్" అన్న ముద్ర చూసి మోసపోకండి. దానర్థం పడకగది తలుపు మూసి ఉంటుందని, అంతే. అదే హార్లెక్విన్ వాళ్ల హార్ట్‌వార్మింగ్ వరసలో కథలు శుభ్రంగానే ఉంటాయి, కానీ విశ్వాసం అక్కడ నియమం కాదు. అది కావాలంటే లవ్ ఇన్‌స్పైర్డ్ వైపే చూడాలి.

పాత పుస్తకాలు కొనేవాళ్లకి ఒక ప్రత్యేక జాగ్రత్త. ఇప్పుడు క్రైస్తవ నవలలకి పేరున్న ఫ్రాన్సిన్ రివర్స్ విశ్వాసంలోకి రాకముందు మామూలు శృంగార నవలలు రాసేది. వాటి మీదా అదే పేరు ఉంటుంది. బైబిల్లోని హోషేయ ప్రవక్త కథని బంగారు వేట నాటి కాలిఫోర్నియాలో తిరిగి చెప్పిన ఆవిడ ప్రసిద్ధ నవల "రిడీమింగ్ లవ్" కూడా మొదట 1991లో మామూలు ప్రచురణ సంస్థ బాంటమ్ నుంచి వచ్చింది. సంఘాల్లో చేతులు మారుతూ తిరిగేది 1997లో క్రైస్తవ ప్రచురణ సంస్థ మల్ట్‌నోమా తెచ్చిన సవరించిన ప్రతి. సెకండ్ హ్యాండ్ కుప్పలో దొరికినదాని మీద బాంటమ్ అని ఉంటే, అందులో కొన్ని చోట్ల మాటలూ సన్నివేశాలూ మీరు విన్నదానికంటే ఘాటుగా ఉంటాయని తెలిసే కొనండి.

ఇప్పటికే కొనేశారా? కిండిల్ పుస్తకమైతే కొన్న ఏడు రోజుల్లోపు వాపసు అడగాలి. సగం చదివాక అడిగితే ఇబ్బంది పెడతారు, అందుకే తెరిచిన రోజే కాపీరైట్ పేజీ చూడమనేది. అచ్చు పుస్తకమైతే చాలాచోట్ల మార్పిడే తప్ప డబ్బు వెనక్కి రాదు, అదీ చిరిగి ఉంటేనో పేజీలు లేకపోతేనో మాత్రమే. అమ్మకం పేజీలో పాత పేరు ఎక్కడా చెప్పకపోతే మాత్రం దాని స్క్రీన్‌షాట్ ఒకటి, కాపీరైట్ పేజీలో ఆ వాక్యం ఫోటో ఒకటి తీసి రెండూ కలిపి పంపండి. "నచ్చలేదు" అంటే వినిపించుకోనివాళ్లు, "చెప్పింది ఒకటి, పంపింది ఒకటి" అంటే కనీసం జవాబిస్తారు.